జబ్బు నడిచే దారి మన దినచర్యే

ఇంట్లో ఎవరికైనా జ్వరమో దగ్గో మొదలైందనగానే ముందుగా వచ్చే ప్రశ్న "ఎక్కడ అంటుకుంది?" అన్నదే. దానికి జవాబు వెతికేటప్పుడు మన ఆలోచన ఎప్పుడూ అలవాటుకు అవతల ఉన్నవాటి మీదికే పోతుంది. ఈ మధ్య చేసిన ప్రయాణం గుర్తుకొస్తుంది, హాజరైన వేడుక గుర్తుకొస్తుంది, బస్సులో వెనక సీట్లో కూర్చుని తుమ్మిన ముక్కూ మొహం తెలియని మనిషి గుర్తుకొస్తాడు. రోజూ పక్క కుర్చీలో కూర్చునే సహోద్యోగి గాని, సాయంత్రం బడి నుంచి వచ్చి ఒళ్లో వాలిపోయే పిల్లవాడు గాని మన అనుమానంలోకి రారు. ప్రతిరోజూ జరిగేదానిని మనసు ఒక సంఘటనగా లెక్కపెట్టుకోదు కదా. అంటువ్యాధుల గురించి కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్న నాకు బలంగా కలిగిన అభిప్రాయం ఏమిటంటే, జబ్బు ఎవరి నుంచి ఎవరికి, ఎంత త్వరగా చేరుతుందన్నది అరుదుగా జరిగే వాటి కన్నా, మనం గమనించడం మానేసిన ఈ దినచర్య మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతిని చాలా ముందుగా, చాలా స్పష్టంగా చూపించినవారు పీటర్ పానుమ్ అనే డేనిష్ వైద్యుడు. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో 1846లో తట్టు చెలరేగినప్పుడు డెన్మార్క్ ప్రభుత్వం ఆయనను అక్కడికి పంపింది. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. ఆ దీవుల్లో అంతకు ముందు తట్టు కనిపించింది 1781లో. అంటే ఆ తర్వాత అక్కడే పుట్టి పెరిగినవారి ఒంట్లో ఆ జబ్బును ఎదుర్కొనే శక్తి ఏ మాత్రమూ లేదు. మార్చి 20న కోపెన్‌హాగన్‌లో బయలుదేరి 28న టోర్స్‌హావ్న్‌లో దిగిన ఒక వడ్రంగికి ఏప్రిల్ మొదట్లో తట్టు పోసింది. ఆయన తర్వాత జబ్బు పడినవారు ఆయనకు అత్యంత సన్నిహితులైన ఇద్దరు మిత్రులు. అక్కడి నుంచి కొన్ని నెలల్లోనే, సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మంది దాకా మంచం పట్టారు.

పానుమ్ చేతిలో ప్రయోగశాల లేదు. వైరస్ అనే భావనే అప్పటికి పుట్టలేదు. ఆయన పల్లె పల్లెకూ తిరిగి, ఎవరు ఏ రోజున ఎవరిని కలిశారో, ఆ తర్వాత ఎన్నాళ్లకు ఒంటి మీద దద్దు లేచిందో ఓపికగా అడిగి రాసుకున్నారు. కొండలూ సముద్రమూ అడ్డుగా ఉన్న ఆ పల్లెల మధ్య రాకపోకలు తక్కువ కాబట్టి, ఏ పడవ ఎప్పుడు వచ్చిందో, ఎవరు ఏ ఊరికి వెళ్లి వచ్చారో జనానికి తేదీలతో సహా జ్ఞాపకం ఉండేది. ట్యోర్నువిక్ అనే పల్లె నుంచి పది మంది మగవాళ్లు ఒకే పడవలో వెస్ట్‌మన్నాకు వెళ్లి జూన్ 4న తిమింగలాల వేటలో పాల్గొన్నారు. జూన్ 18న ఆ పది మందికీ దద్దు లేచింది. ఇలాంటి సమాచారాన్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి, తట్టు సోకిన నాటి నుంచి దద్దు కనిపించే దాకా 13, 14 రోజులు పడుతుందని ఆయన తేల్చారు. 1781లో ఆ జబ్బును అనుభవించి ఇంకా బతికి ఉన్న వృద్ధులకు ఈసారి అది మళ్లీ రాలేదని కూడా గమనించారు. వైద్యశాస్త్రంలో నాకు అమితంగా నచ్చే ఘట్టాల్లో ఇది ఒకటి. ఆ పది మందీ చేసినది కొత్త పనేమీ కాదు, వాళ్ల ఊళ్లో అందరూ ఏటా వెళ్లే పనికే వెళ్లారు. మనుషుల రాకపోకలను తేదీలవారీగా రాసుకుంటూ పోతే చాలు, జబ్బు నడక దానంతట అదే బయటపడింది.

మన కాలంలో ఇదే పనిని మరింత పెద్ద ఎత్తున చేసినది పోలిమాడ్ అనే అధ్యయనం. ఐరోపాలోని ఎనిమిది దేశాల్లో 7,290 మంది చేత 2005, 2006 సంవత్సరాల్లో ఒక్కొక్క రోజు డైరీ రాయించారు. ఎదురుగా నిలబడి కనీసం కొన్ని మాటలు మాట్లాడుకున్నా, ఒకరినొకరు తాకినా దానిని ఒక కలయికగా లెక్కపెట్టి, ఎదుటివారి వయసు ఎంత, ఎంతసేపు గడిపారు, ఎక్కడ కలిశారు, ఎంత తరచుగా కలుస్తుంటారు అన్న వివరాలు నింపమన్నారు. 2008లో ప్రచురించిన ఫలితాల్లో మొత్తం 97,904 కలయికలు నమోదయ్యాయి. సగటున మనిషికి రోజుకు 13.4. అందులో నన్ను ఆలోచింపజేసిన అంశం ఈ సగటు కాదు. ప్రతిరోజూ కలిసేవారితో జరిగిన కలయికల్లో దాదాపు 70 శాతం గంటకు మించి సాగాయి. అంతకు ముందెన్నడూ కలవని వారితో జరిగిన వాటిలో 75 శాతం పావుగంట లోపే ముగిశాయి. అపరిచితుల విషయంలో మనం పడే జాగ్రత్తనూ, ఆత్మీయుల విషయంలో మనకు ఉండే నిశ్చింతనూ ఈ రెండు అంకెల పక్కన పెట్టి చూస్తే, మన భయం ఎంత తప్పుదారిలో నడుస్తోందో అర్థమవుతుంది.

ఆ డైరీ పద్ధతి గురించి చదివాక ఒక మామూలు పనిరోజున నేను కూడా అలాగే రాసి చూశాను. రాత్రి దానిని ముందు పెట్టుకుని చూస్తే, పేర్ల పట్టిక పొడవుగానే ఉంది గాని అందులో చాలావరకు నిమిషం, రెండు నిమిషాల పలకరింపులే. లిఫ్ట్‌లో కలిసినవారు, మెట్ల మీద ఆగి యోగక్షేమాలు అడిగినవారు, సంతకం కోసం కాగితం అందించినవారు. గంటల లెక్క తీస్తే మాత్రం దాదాపు అంతా కొద్దిమంది దగ్గరే పోగుపడి ఉంది: ఇంట్లోవాళ్లు, నా బల్లకు అటూ ఇటూ కూర్చునే ఇద్దరు, తలుపులు మూసిన గదిలో మధ్యాహ్నం సమావేశానికి వచ్చినవారు. చేతుల సంగతి రాయడం ఇంకా కష్టమైంది. ఒకరి ఫోన్‌లో ఫొటో చూడటానికి దానిని చేతిలోకి తీసుకోవడం, చూసి తిరిగి ఇచ్చేయడం, వెంటనే కళ్లజోడు సర్దుకోవడం వంటివి ఎన్నిసార్లు జరిగాయో రాయడానికి పెన్ను పట్టుకుని కూర్చున్నా పట్టుబడలేదు. ఆస్ట్రేలియాలో 26 మంది వైద్య విద్యార్థులను వీడియో తీసి గమనించినప్పుడు వారు సగటున గంటకు 23 సార్లు ముఖాన్ని తాకారని 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెబుతోంది. క్రిముల గురించి చదువుకుంటున్నవారి పరిస్థితే అది అయినప్పుడు, చేతిని ముఖం దగ్గరికి పోనీయకండి అని ఎవరికైనా చెప్పడం కన్నా, చేతులు కడుక్కునే వేళలను దినచర్యలో ఖాయం చేసుకోమని చెప్పడమే మేలని నాకు అనిపిస్తుంది.

అయితే అన్ని జబ్బులూ ఒకే రకం కలయికను వాడుకోవు. తట్టు వైరస్ మనిషి వెళ్లిపోయాక కూడా గది గాలిలో రెండు గంటల దాకా నిలవగలదు కాబట్టి, దానికి ముఖాముఖి పరిచయం కూడా అక్కరలేదు. క్షయకు సాధారణంగా ఒకే గాలిని దీర్ఘకాలం పంచుకోవాలి. వాంతులు, విరేచనాలు కలిగించే నోరో వైరస్ ప్రధానంగా చేతుల ద్వారా, తాకిన వస్తువుల ద్వారా పాకుతుంది. ఆల్కహాల్ శానిటైజర్‌కు అది అంత తేలిగ్గా లొంగదు, సబ్బూ నీళ్లే నయం. కాబట్టి "జనంలోకి వెళ్లకండి" అనే ఒక్క సలహా అన్ని జబ్బులకూ సరిపోదు. ఏ జబ్బు మన రోజులో ఏ గంటను, ఏ గదిని, ఏ అలవాటును పట్టుకుని సాగుతోందన్నదే అడగవలసిన ప్రశ్న.

గంటలకూ గదులకూ ఉన్న ఈ ప్రాముఖ్యాన్ని సియోల్ నగరంలో 2020 మార్చిలో జరిగిన ఒక ఉదంతం కళ్లకు కట్టినట్టు చూపించింది. అక్కడ ఒక బహుళ అంతస్తుల భవనంలో, 11వ అంతస్తులో ఉన్న కాల్ సెంటర్‌లో కోవిడ్ బయటపడింది. భవనంలో పనిచేసేవారు, నివసించేవారు, వచ్చిపోయినవారు కలిపి 1,143 మందికి పరీక్షలు చేస్తే 97 మందికి సోకినట్టు తేలింది. వారిలో 94 మంది ఆ ఒక్క అంతస్తులో పనిచేసేవారే. ఆ అంతస్తులో ఉన్నది మొత్తం 216 మంది. అంటే ప్రతి వంద మందిలో 43 మందికి పైగా జబ్బు పడ్డారు. ఆ అంతస్తులోనూ సోకినవారిలో ఎక్కువమంది ఒకే వైపు వరుసల్లో పక్కపక్కన కూర్చునేవారు. అన్ని అంతస్తుల వారూ రోజూ ఒకే లాబీలోంచి నడిచారు, ఒకే లిఫ్టుల్లో ఎక్కిదిగారు, అయినా మిగిలిన అంతస్తులకు జబ్బు దాదాపుగా పాకలేదు. లిఫ్ట్‌లో గడిపే అర నిమిషానికీ, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఎనిమిదేసి గంటలు ఎడతెగకుండా మాట్లాడే ఉద్యోగానికీ మధ్య ఉన్న తేడా ఇది. ఆ ఉద్యోగులు చేసిన తప్పేమీ లేదు. ఎక్కడ కూర్చోవాలో, ఎంతసేపు మాట్లాడాలో, గదిలో గాలి ఎలా ఆడాలో వారు నిర్ణయించుకున్నవి కావు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో అదే నెల 10న ఒక బృందగాన సాధనకు 61 మంది హాజరయ్యారు. రెండున్నర గంటలు కలిసి పాడారు. వారిలో 53 మందికి కోవిడ్ సోకినట్టు నిర్ధారణ అయింది, లేదా సోకి ఉండవచ్చని తేలింది, ఇద్దరు మరణించారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా వార్తల్లో "సూపర్ స్ప్రెడర్" అనే మాట వచ్చి, ఒక మనిషి మీద నింద పడుతుంది. సోకినవారిలో చాలామంది ఇంకొకరికి అంటించకపోవడం, కొద్దిమంది నుంచి మాత్రం ఎందరికో పాకడం నిజమే. 2003లో వ్యాపించిన సార్స్ అనే శ్వాసకోశ వ్యాధిలోనూ అదే కనిపించింది. కానీ ఆ కొద్దిమందిలో ఒకరు ఒంటరిగా ఇంట్లో ఉన్న సాయంత్రం ఏమీ జరగదు. అదే మనిషి గొంతెత్తి పాడే బృందం మధ్య, మూసిన గదిలో, రెండు గంటలు ఉంటే జరుగుతుంది. పైగా కోవిడ్ సోకినవారు లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలరు కాబట్టి, ఒంట్లో బాగానే ఉందనుకుని ఎప్పుడూ వెళ్లే చోటికి వెళ్లిన మనిషిని దోషిగా నిలబెట్టడం నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి అపరిచితులతో ప్రమాదమే లేదని అనుకోకూడదు. దీర్ఘమైన కలయికలు జబ్బును ఒక వలయం లోపల పెంచుతాయి. దానిని ఒక వలయం నుంచి మరో వలయానికి మోసుకుపోయేవి వేరే బంధాలు. ప్రతి మనిషీ కనీసం రెండు మూడు వలయాల్లో సభ్యుడు: ఇల్లు, పని, చదువు, ఇరుగుపొరుగు. ఆ వలయాలు కలిసే చోట నిలబడినవారు ఎవరన్నది చాలా ముఖ్యం. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 2009 ఫ్లూ సమయంలో నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అనే పరిశోధకులు విద్యార్థులను రెండు గుంపులుగా గమనించారు. ఒక గుంపును యాదృచ్ఛికంగా ఎంచుకున్నారు. రెండో గుంపు, ఆ మొదటివారు మా స్నేహితులని పేర్లు చెప్పినవారు. స్నేహితులుగా పేరు వచ్చినవారి గుంపులో ఫ్లూ దాదాపు రెండు వారాలు ముందుగా వ్యాపించింది. ఎక్కువమందికి పరిచయస్థులైనవారి పేరే ఎక్కువసార్లు వినిపిస్తుంది, జబ్బు కూడా వారిని ముందే చేరుకుంటుంది. కలుపుగోలుగా ఉండటం వల్ల వచ్చే ఈ నష్టాన్ని తలచుకుంటే బాధ కలుగుతుంది. నలుగురికీ సాయంగా తిరిగేవారే ముందు జబ్బు పడుతున్నారు.

వలయాలను కలిపేవారిలో బడి పిల్లలది మొదటి స్థానం. ఇంగ్లండ్, వేల్స్‌లలో టీకాకు ముందున్న 1950 నుంచి 1965 దాకా తట్టు లెక్కలను పరిశీలించిన ఫైన్, క్లార్క్‌సన్ అనే ఇద్దరు 1982లో చూపించినది ఏమిటంటే, బడులకు సెలవులు ఇచ్చినప్పుడు వ్యాప్తి తగ్గి, బడులు తెరవగానే మళ్లీ పుంజుకునేది. ఫ్రాన్స్‌లో ఫ్లూ మీద 2008లో వచ్చిన ఒక అధ్యయనం, సెలవుల్లో పిల్లలకు సోకే వేగం 20 నుంచి 29 శాతం దాకా తగ్గుతుందని అంచనా వేసింది. పెద్దవాళ్ల దినచర్య కూడా ఇలాగే జబ్బుకు కాలమానం ఏర్పరచగలదు. నైజర్ దేశంలో పొడి కాలంలో వ్యవసాయ పనులు లేక జనం పల్లెల నుంచి నగరాలకు వలస వస్తారు, వానలు మొదలవగానే తిరిగి వెళ్తారు. ఉపగ్రహాలు తీసిన రాత్రి చిత్రాల్లో ఆ నగరాల దీపాల వెలుగు పెరగడం, తగ్గడం, అక్కడ తట్టు పెరగడం, తగ్గడం ఒకదానితో ఒకటి సరిపోయాయని 2011లో పరిశోధకులు ప్రకటించారు. తట్టుకు వాతావరణమే కారణమని తేలిగ్గా అనుకోగలిగిన చోట, అసలు కారణం మనుషులు పని కోసం చేసే ప్రయాణమని తేలింది.

ఈ వలయాల లెక్క నాకు మా అమ్మ విషయంలో బాగా అర్థమైంది. వయసు మీద పడి ఆమె ఇల్లు కదలడం మానేసింది కాబట్టి ఆమె కలిసే మనుషుల సంఖ్య చాలా తక్కువ. అది చూసి బంధువులు "ఆవిడకేం, ఇంట్లో పదిలంగా ఉంది" అంటారు. కానీ ఆమెను కలిసే ఆ కొద్దిమందిలో ప్రతి ఒక్కరూ ఒక పెద్ద వలయానికి చివరి కొస. మనవడు తరగతి గదిలోంచి నేరుగా ఆమె మంచం మీదికి వస్తాడు. ఆమెను చూసుకోవడానికి వచ్చే ఆవిడ మరికొన్ని ఇళ్లలో కూడా పనిచేస్తుంది. నేను ఆఫీసు గదిలో గంటలు గడిపి వచ్చి ఆమె పక్కన కూర్చుంటాను. ఆమె తలుపు దాటకపోయినా, మా అందరి దినచర్యలూ ఆమె గదిలోనే కలుస్తున్నాయి. మా ఇంట్లో చేసుకున్న మార్పులు పెద్దవేమీ కావు: బయటి నుంచి వచ్చినవారు ముందు చేతులు కడుక్కోవడం, పిల్లవాడు వచ్చే వేళకు కిటికీలు తెరిచి ఉంచడం, మాలో ఎవరికైనా జలుబు చేస్తే ఆమెకు అందించే పనులన్నీ బాగున్న ఒక్కరే చూడటం. పిల్లవాణ్ణి ఆమె దగ్గరికి వెళ్లవద్దని మాత్రం ఎవరమూ చెప్పలేదు, చెప్పబోము. ఆమె సాయంత్రం అంతా వాడి కోసమే ఎదురుచూస్తుంది.

దినచర్యను ఒక్కసారిగా మార్చేస్తే ఏమవుతుందో ప్రపంచమంతా 2020లో చూసింది. బ్రిటన్‌లో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో జరిపిన సర్వేలో మనిషి సగటు రోజువారీ కలయికలు 10.8 నుంచి 2.8కి పడిపోయాయి. ఒకరి నుంచి సగటున ఎందరికి సోకుతుందో తెలిపే ఆర్ విలువ 2.6 నుంచి 0.62కు తగ్గి ఉంటుందని ఆ పరిశోధకులు అంచనా వేశారు. ఆ ఏడాది ఫ్లూ కూడా చాలా దేశాల్లో దాదాపు కనిపించకుండా పోయింది. ఇన్‌ఫ్లుయెంజా బి వైరస్‌లో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ఎక్కడైనా సహజంగా వ్యాపిస్తున్నట్టు నిర్ధారణ కాలేదు. దానిని ఇక టీకాల్లో చేర్చనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2023లో సూచించారు. ఆ శాఖను తుడిచిపెట్టాలని ఎవరూ పూనుకోలేదు. కోవిడ్ కోసం మనం మార్చుకున్న రోజువారీ జీవితంలో దానికి దారి దొరకలేదు, అంతే. అలాగని ఆ మార్పును ఆదర్శంగా చూపించడం నాకు ఇష్టం లేదు. ఆ కాలంలో చివరి చూపు దక్కనివారు, నెలల తరబడి పలకరింపు లేక కుంగిపోయినవారు, కూలి పోగొట్టుకున్నవారు ఉన్నారు. చిన్నపిల్లలను పట్టే ఆర్‌ఎస్‌వీ వంటి వైరస్‌లు ఆ ఏడాది తగ్గినా, మరుసటి ఏడాది కొన్ని దేశాల్లో కాలం కాని కాలంలో విరుచుకుపడ్డాయి.

కలయికను ఆపేయడానికీ, కలిసే తీరును మార్చడానికీ మధ్య ఎంత తేడా ఉందో పశ్చిమ ఆఫ్రికాలో 2014 నాటి ఎబోలా నేర్పింది. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో 28,000 మందికి పైగా ఆ జబ్బు బారిన పడ్డారు, 11,000 మందికి పైగా చనిపోయారు. రోగికి సేవ చేసే చేతులకు, మృతదేహాన్ని కడిగి సాగనంపే చేతులకు అది సోకేది. మొదట్లో రక్షణ దుస్తులు వేసుకున్న బృందాలు వచ్చి కుటుంబాన్ని దగ్గరికి రానీయకుండా దేహాలను తీసుకుపోవడంతో, జనం రోగులను, మృతులను దాచిపెట్టడం మొదలుపెట్టారు. ఆ ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మతపెద్దలతో కూర్చుని కొత్త విధానం తయారుచేసింది. దేహాన్ని తాకే పని శిక్షణ పొందినవారిదే, కానీ ప్రార్థన ఎలా జరగాలో, ఏ వస్త్రం కప్పాలో, ఎక్కడ పూడ్చాలో కుటుంబాన్ని అడిగే చేయాలన్నది దాని సారాంశం.

మా ఇంట్లో ఇంకా పూర్తిగా పరిష్కారం కానిది ఒకటే మిగిలింది, అది అమ్మను చూసుకునే ఆవిడ సంగతి. జ్వరం వచ్చిన రోజున రావద్దని ఆవిడకు చెప్పడం సులభం. రాని రోజున కూలి పోతుందంటే ఆవిడ ఒక మాత్ర వేసుకుని వచ్చే తీరుతుంది. అందుకే జ్వరం, దగ్గు ఉన్న రోజులకు పూర్తి జీతం ఇస్తామని, కారణం ఫోన్‌లో చెబితే చాలునని ముందే మాట ఇచ్చాము. కానీ ఆవిడ పనిచేసే మిగిలిన ఇళ్లలో అలాంటి ఏర్పాటు లేదు. ఒక ఇంటికి మానేసి ఇంకో ఇంటికి వెళ్లక తప్పని పరిస్థితిలో ఆవిడ ఎప్పటికి కోలుకుంటుంది, ఆ ఇళ్లలోని వృద్ధుల మాటేమిటి? ఆ ఇళ్లవారితో ఒక్కొక్కరితోనూ మాట్లాడటం మొదలుపెట్టాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఆలోచించి చెబుతామన్నారు.